జట్టు కట్టిన అయ్యవారు – సయ్యద్ అబ్దుల్ రహీం

డబ్బున్న జట్టుకు మంచి ఆటగాళ్లు దొరకడంలో వింత లేదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ జట్లు, ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల కోసం ఏటా పోటీపడి కోట్ల డాలర్లు కుమ్మరిస్తాయి. మన దేశంలో 2008 నుంచి ఐపీఎల్ వేలంపాటలు చూస్తూనే ఉన్నాం. అయితే వేలంపాటలు, కోట్ల రూపాయలు లేని రోజుల్లో జట్టు కట్టి, ఆసియా ఖండాన్నే గెలిచిన ఒక బడిపంతులు మన తెలుగునేల మీద ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ లోకమంతా రహీం సాబ్ అని పిలుచుకున్న ఆ మహనీయుని గురించి మన హాస్టల్ తమ్ముళ్లు తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బడిలోనే మొదలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల ఉపాధ్యాయునిగా పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొంది, బడి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. స్వయంగా మంచి ఆటగాడు. అయినా ఆయనకు పేరు తెచ్చింది ఆడటం కాదు, ఆడించడం. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకునిగా, 1950 నుంచి భారత జట్టుకు శిక్షకునిగా పనిచేశారు. ఎన్ని పదవులు వచ్చినా ఆయనలోని అయ్యవారు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సైకిల్ బాడుగ

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అనే పల్లె ఉంది. అక్కడి పేద కుటుంబంలో 1936లో పుట్టినవాడు తులసీదాస్ బలరాం. ఆ కుర్రవాని ఆట రహీం కంటబడింది. సాధన చేయడానికి రమ్మన్నారు. కానీ అంత దూరం రోజూ రావడానికి బలరాం దగ్గర డబ్బులు లేవు. అప్పుడు రహీం సాబ్ సైకిల్ బాడుగకు తన జేబులోంచి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు.

దీన్ని దయ అని మాత్రమే అనుకుంటే పొరపాటు. జట్టు కట్టడంలో అది మొదటి పాఠం. పేరున్నవాళ్లను అందరూ చూస్తారు. చార్జీలు లేక మైదానానికి రాలేకపోయినవాణ్ణి వెతికి తెచ్చుకున్నవాడికే అసలైన బలం దొరుకుతుంది.

రెండో పాఠం సాధన. రహీం పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. కొన్నింటిలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒంటరిగా పోకూడదు, వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. కొన్నింటిలో వాటం లేని కాలితోనే ఆడాలి. ఇలా తయారైన జట్టు ఏ ఒక్కని మీదా ఆధారపడదు.

కలకత్తా పిలుపు

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు ఏటా దేశమంతా గాలించి మంచి ఆటగాళ్లను తీసుకుపోయేవి. పేరు, ప్రేక్షకులు, డబ్బు అన్నీ అక్కడే. పోలీసు జట్టు ఇవ్వగలిగింది నెలజీతం వచ్చే పోలీసు ఉద్యోగం, రహీం సాబ్ శిక్షణ. పేదింటి కుర్రవాడికి ఆ ఉద్యోగం చిన్నదేమీ కాదు. ఇంటిల్లిపాదికీ అది అన్నం.

ఆ బలంతోనే పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950, 1954లలో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. తర్వాత హైదరాబాద్ ఆటగాళ్లు చాలామంది కలకత్తా దారి పట్టారు. 1957లో బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మరి జట్టు కూలిపోయిందా? లేదు. 1957లో మళ్లీ డ్యూరాండ్ కప్ తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా 1961లో ఇంకోసారి తెచ్చింది. ఒకడు పోయేలోపల ఇంకొకడు తయారవుతుంటే ఏ జట్టుకూ లోటు రాదు.

దేశం కోసం

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. రహీం ఆ ఓటమిని పాఠంగా తీసుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్ చేరింది. చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాదు కుర్రవాళ్లు ఎందరో ఉన్నారు.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. అక్కడ ఒక్క మ్యాచ్‌లో కూడా అతనికి ఆడే అవకాశం రాలేదు. శిక్షకుడు కన్నతండ్రే అయినా అంతే. పక్షపాతం లేనివాడి మాటే జట్టు వింటుంది.

జకార్తా

1962 ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. అయినా జట్టుతో జకార్తా వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్‌పై గెలిచినా, వెనుక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ణి ముందువరుసకు మార్చారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై అతడు గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. అప్పటి రాజకీయ వివాదం వల్ల అక్కడి ప్రేక్షకులు మనవాళ్ల మీద మండిపడుతున్నారు. ఆ హోరులోనే పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలలు తిరగ్గానే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. ఇన్నేళ్లకు, 2024లో, ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది.

తమ్ముళ్లకు మా మాట

మన ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో నాపరాయి గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కూలి చేసేవారి పిల్లలెందరో మన హాస్టళ్లలో చదివారు, చదువుతున్నారు. బూట్లు లేవని, బస్సు చార్జీలకు లేవని ఆటకు దూరమయ్యేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కబడ్డీ కానీ, వాలీబాల్ కానీ, జట్టు కట్టేటప్పుడు మన గదివాడు, మన ఊరివాడు అని చూడొద్దు. వరండాలో వెనుక నిలబడి చూస్తున్నవాణ్ణి కూడా ఒకసారి ఆడించి చూడండి. పోటీలకు చార్జీలు లేనివాడికి పాత విద్యార్థులం తలా కొంత వేసుకుందాం. ఒక సైకిల్ బాడుగ దేశానికి ఒక ఒలింపిక్ ఆటగాణ్ణి ఇచ్చింది. రహీం సాబ్‌ను తలుచుకోవడమంటే ఆ పని మనం కూడా చేయడమే.