పత్తికొండ మెట్లబావి - సర్ థామస్ మన్రో

చెన్నపట్నము గవర్నరుగా ఉండిన సర్ థామస్ మన్రో గారు 1827 జూలై 6 న మన పత్తికొండలో మరణించారు. వారి జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు ఇక్కడ ఒక చెట్ల తోపు వేయించి, రాతి మెట్లతో బావి కట్టించారు. గుర్రము మీది కంచు విగ్రహము చెన్నపట్నానికి పోయినది. నీడా, నీళ్ళూ మన పాలికి వచ్చాయి. వానకు మొగము వాచిన ఈ సీమలో ఏది మేలైన స్మారకమో రైతునడిగితే చెబుతాడు.

అయ్యగార్ల, ఉపదేశకుల చరిత్రల నడుమ ఒక దొరగారి కథ ఎందుకని కొందరు అడుగవచ్చును. ఆయన మిషనెరీ కాదు. అయినను మన సంఘము వేళ్ళూనిన నేలను ఆయనంతగా కాలినడకన, గుర్రము మీద తిరిగి చూచిన అధికారి మరియొకరు లేరు. అందుచేత ఆయన మంచిచెడ్డలు రెండూ మనము తెలిసికొనవలసినవే.

మన్రో గారు 1761 మే 27 న స్కాట్లండు దేశమందలి గ్లాస్గోలో జన్మించారు. తండ్రి అమెరికాతో పొగాకు వర్తకము చేసేవారు. అక్కడ యుద్ధము రాగా వ్యాపారము దెబ్బతిన్నది. కుమారుడు కంపెనీ సైన్యములో చిన్న ఉద్యోగిగా 1780 లో చెన్నపట్నము చేరారు. హైదరాలీతో యుద్ధము, తరువాత బారామహలులో శిస్తు పని, కొంతకాలము కన్నడ జిల్లా - ఇట్లు ఇరువది యేండ్లు గడిచాయి.

1800 లో నిజాము ఈ సీమను కంపెనీకి వదలివేశాడు. అందుకే దత్తమండలమని పేరు. రాయలసీమ అన్న పేరు 1928 లో గాని రాలేదు. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల క్రిందనే ఉన్నది, పత్తికొండ దత్తమండలములోనిది. దీనికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో గారే. ఆయన ఏడేండ్లు చాలవరకు డేరాలలోనే కాపురముండి, ఎడ్లబండ్ల మీద కచేరీని వెంట త్రిప్పుకొంటూ ఊరూరా జమాబందీ చేశారు. పొలము పొలమును కొలిపించి, నడుమ గుత్తదారు లేకుండ రైతు పేరనే శిస్తు కట్టారు. రైతువారీ పద్ధతి అన్నది ఇదే.

అయితే ఒకటి దాచరాదు. ఆ ఏడేండ్లలో శిస్తు వసూలు సుమారు పది లక్షల పగోడాల నుండి పదిహేను లక్షల దాకా పెరిగినది. నడుమ కరవు వచ్చినను పెరిగినది. పాళెగాళ్ళను అణచుటలో ఆయన దయ చూపలేదు. పాళెములు పోయిన కుటుంబముల కడుపుమంట తరువాత ఎన్నాళ్ళకో, 1846 లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి తిరుగుబాటులో బయటపడినది. ఆయనను దేవదూతగా చిత్రించే వ్రాతలు మాకు రుచింపవు.

కాని ఆయనను తక్కిన దొరలనుండి వేరు చేసినది మరియొకటి ఉన్నది. తాను కట్టిన శిస్తు బరువని తానే గ్రహించారు. 1807 లో సెలవు మీద స్వదేశము వెళ్ళుటకు ముందు, భూములన్నిటి మీద నూటికి 25 వంతులు తగ్గించవలెననీ, బావుల క్రింది తోట భూములకు ఇంకను ఎక్కువ తగ్గించవలెననీ పైవారికి వ్రాశారు. వారు వినలేదు. పైగా రైతువారీని ఎత్తివేసి ఊళ్ళను గుత్తకిచ్చారు. ఎన్నో గ్రామములు దివాలా తీశాయి. ఆయన 1820 లో గవర్నరుగా తిరిగి వచ్చి, మొదటి ఏడే ఆ తగ్గింపును అమలు చేయించారు. పదమూడేండ్ల నాటి మాటను అధికారము చేతికి రాగానే చెల్లించుకొన్నవారు ఎందరు?

విద్య విషయములో కూడ ఆయన చూపు పడినది. 1822 లో రాజధానిలోని బడులన్నిటిని లెక్క వేయించగా 12,498 తేలినవి.

మన సంఘస్థులు ఆలోచింపదగిన సంగతి ఇంకొకటి. అదే 1822 లో బళ్ళారి జిల్లా సబ్ కలెక్టరు ఒకరు జనులకు క్రైస్తవ పుస్తకములు పంచుచున్నారని తెలిసి మన్రో గారు వద్దన్నారు. శిస్తు వసూలు చేసే చేయి పుస్తకమిస్తే జనులు దానిని సర్కారు హుకుముగా తలచెదరని వారి అభిప్రాయము. అప్పటికి లండన్ మిషను వారు బళ్ళారిలో పండ్రెండేండ్లుగా పని చేయుచున్నారు, ఆ ఏడే కడపలోను మొదలుపెట్టారు. ఆయన మాట కొందరు భక్తులకు నొప్పి కలిగించియుండును. మాకు మాత్రము అది సంఘమునకు మేలే చేసినదని తోచుచున్నది. సువార్త సర్కారు కచేరీ గుండా రాలేదని మనము తలయెత్తి చెప్పగలుగుచున్నాము.

బర్మా యుద్ధము వలన ఆయన ప్రయాణము వెనుకబడినది. భార్య జేన్ గారు జబ్బుచేసిన బిడ్డతో 1826 లోనే ఓడ యెక్కారు. ఇక తానును వెళ్ళవలసినవారే, ఒక్కసారి దత్తమండలమును చూచి వీడ్కోలు చెప్పవలెనని 1827 మే నెలాఖరున బయలుదేరారు. గుత్తి చేరేసరికి దండులో వాంతిభేది పుట్టినది. జూలై 6 ఉదయము పత్తికొండలో ఆయనకు తగిలినది; ఆ రాత్రికే ప్రాణము పోయినది. వయస్సు 66.

జనులు ఈ చావును తమ పద్ధతిలో చెప్పుకొన్నారు. పాపాఘ్ని నది కొండల నడుమ దూరే గండిలో ఆయనకు బంగారు తోరణము కనబడినదనీ, అది కనబడినవారు ఎక్కువ నాళ్ళు బ్రదుకరనీ కడప వైపు కథ. మంత్రాలయపు కథ వేరొకటి ఉన్నది. వీటిని చరిత్ర అనలేము గాని, తమవాడు కానివాని మీద జనులు కథలు అల్లరు.

భౌతికకాయమును గుత్తికి తీసికొనిపోయి మరునాడు అక్కడ సమాధి చేశారు. 1831 లో అస్థికలను చెన్నపట్నము కోటలోని సెంట్ మేరీస్ దేవాలయమునకు తరలించారు. గుత్తిలో బాటసారులకు ఆయన పేర సత్రము వెలసినది. ఈ సీమలో మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న కుటుంబములును ఉండేవి.