శ్రమయోగి వీరబ్రహ్మం

పాఠ్యభాగ ఉద్దేశం

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు వినగానే తెలుగువారికి కాలజ్ఞానం స్ఫురిస్తుంది. ఆ మహనీయుడు బాల్యంలో పరుల పశువులను కాచాడనీ, పెద్దయ్యాక వడ్రంగి వృత్తితో కుటుంబాన్ని పోషించుకొన్నాడనీ తెలిసినా, ఆ విషయంపై దృష్టి నిలిపేవారు తక్కువ. వేసవి సెలవుల్లో తొలిసారి పనిలో అడుగుపెట్టే విద్యార్థులకు శ్రమగౌరవాన్నీ, స్వయం ఉపాధి విలువనూ ఆయన జీవితం ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి చేసే తొలి పని అతనికి కూలిని మాత్రమే ఇవ్వదు. కాలం విలువ ఎంతో, పరుల సొత్తును కాపాడడమంటే ఏమిటో, తన శక్తి ఎంతటిదో కూడా నేర్పుతుంది. ఆ పాఠాన్ని శ్రద్ధగా నేర్చినవాడు ఒకనాటికి తన కాళ్ళపై తాను నిలబడగలుగుతాడు. ఇందుకు రాయలసీమ నేలపై నడయాడిన వీరబ్రహ్మంగారి జీవితం చక్కని నిదర్శనం.

వీరబ్రహ్మంగారు క్రీ.శ. 17వ శతాబ్దికి చెందినవారు. సంప్రదాయం ఆయన జీవితకాలాన్ని 1608 నుంచి 1693 వరకు చెబుతుంది. ఈ సంవత్సరాల విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. ఆయన చరిత్ర శాసనాలకన్నా ఎక్కువగా జనుల నాలుకలపైన, తత్త్వాలలోను, వీధినాటకాలలోను నిలిచింది. పరిపూర్ణాచార్యులు, ప్రకృతాంబ ఆయన తల్లిదండ్రులనీ, పుట్టిన కొద్దికాలానికే వారికి దూరమయ్యారనీ, పాపాఘ్ని మఠాధిపతులైన వీరభోజయాచార్యులు, వీరపాపాంబ దంపతులు ఆయనను పెంచి పెద్దచేశారనీ జనశ్రుతి. పెంచిన తండ్రి గతించిన తరువాత, మఠంలో సుఖంగా ఉండే అవకాశం ఉన్నప్పటికీ, పెంచిన తల్లి అనుమతి తీసుకొని ఆ బాలుడు దేశాటనకు బయలుదేరాడు.

అలా తిరుగుతూ తిరుగుతూ ఆయన చేరుకొన్న ఊరు బనగానపల్లె. నేడు అది నంద్యాల జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే తియ్యని మామిడిపండు గుర్తుకు వచ్చే మనకు, అదే ఊరిలో ఒక మహాపురుషుడు కూలి బాలుడుగా జీవనం ప్రారంభించాడన్న సంగతి తట్టకపోవచ్చు. గరిమిరెడ్డి అచ్చమ్మ అనే గృహిణి ఆ బాలునికి ఆశ్రయమిచ్చింది. ఊరక కూర్చొని తినడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆమె ఇంటి గోవులను కాచే పనికి కుదురుకొన్నాడు.

పశువులను కాయడం తేలికైన పని అని చూసేవారికి తోచవచ్చు. రాయలసీమ వేసవిని ఎరిగినవారు అలా అనుకోరు. ఎండకు బీళ్ళు మాడిపోతాయి. కుంటలు అడుగంటుతాయి. గుప్పెడు పచ్చిక కోసం, గుక్కెడు నీటి కోసం మందను కొండల దాపుకు తోలుకొనిపోవాలి. ఏ ఆవు ఏ చేలో పడిందో, ఏ దూడ వెనుకబడిందో కనిపెట్టి ఉండాలి. సాయంకాలానికి లెక్క తప్పకుండా మందను ఇల్లు చేర్చాలి. ఒక్క పశువు తప్పిపోయినా కాపరి మాటకు విలువ పోతుంది. అప్పగించిన సొత్తుకు బాధ్యత వహించడం ఈ కొలువు నేర్పే మొదటి పాఠం.

బాలబ్రహ్మం బనగానపల్లె సమీపంలోని రవ్వలకొండకు మందను తోలుకొనిపోయేవాడు. కర్రతో నేలపై గిరి గీస్తే, ఆవులు ఆ గిరి దాటకుండా మేసేవని భక్తులు చెప్పుకొంటారు. ఆ సమయంలో ఆయన కొండగుహలో కూర్చొని తాటాకులపై కాలజ్ఞానం రచించేవాడట. గిరి గీయడాన్ని మహిమగా భావించేవారు అలా భావించవచ్చు. ఆ కథలో విద్యార్థులు గ్రహించవలసిన మరొక అర్థం కూడా ఉంది. ముందుగా యజమానురాలి పనికి కట్టుదిట్టమైన ఏర్పాటు చేసిన తరువాతనే ఆయన తన రచనకు పూనుకొన్నాడు. పనిని విడిచి విద్యను పట్టుకోలేదు, పని పేరు చెప్పి విద్యనూ విడువలేదు. దొరికిన తీరికను వ్యర్థం చేయకపోవడం ఆ కొలువులో ఆయన నేర్చిన రెండవ పాఠం.

బాలుడు గుహలో ఏమి చేస్తున్నాడో తెలుసుకొనగోరి అచ్చమ్మ ఒకనాడు చాటుగా వెంబడించిందనీ, అక్కడి దృశ్యం చూసి విస్మయం చెంది ఆయనకు శిష్యురాలైందనీ కథ. యజమానురాలు సేవకునికి శిష్యురాలు కావడం ఆనాటి సమాజంలో అపూర్వం. రచించిన తాళపత్రాలను ఆ ఇంటి ఆవరణలో పాతిపెట్టి, వాటిపై చింతమొక్క నాటారని ప్రతీతి. బనగానపల్లెలోని చింతమాను మఠం ఆ స్మృతిని నేటికీ నిలుపుతున్నది.

వీరబ్రహ్మంగారి జీవితంలో అసలైన పరీక్ష ఇక్కడే ఎదురైంది. అచ్చమ్మ కుటుంబం ఆయనను గురువుగా కొలుస్తున్నది. బనగానపల్లె నవాబు సైతం ఆయనను గౌరవించి మఠానికి భూమి ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. అక్కడే ఉండిపోతే అన్నవస్త్రాలకు కొరత లేదు. అయినా ఆయన ఆ ఊరు విడిచారు. నేటి బాటలో చెప్పాలంటే ఆళ్ళగడ్డ మీదుగా, చాగలమర్రి, మైదుకూరు దాటి వెళ్ళగా వచ్చే కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డారు. వైఎస్సార్ కడప జిల్లాలోని ఆ గ్రామమే నేటి బ్రహ్మంగారి మఠం. అక్కడ ఆయన గురుపీఠం పరచుకొని కూర్చోలేదు. కులవృత్తియైన వడ్రంగం చేపట్టి, ఉలి, బాడిస, చిత్రిక పట్టుకొన్నారు. పెదకొమెర్లకు చెందిన శివకోటయ్యాచార్యుల కుమార్తె గోవిందమ్మను వివాహమాడి గృహస్థుగా జీవించారు.

ఆనాటి గ్రామవ్యవస్థలో వడ్రంగికి విశిష్ట స్థానం ఉండేది. పన్నిద్దరు ఆయగాండ్రలో అతడొకడు. రైతుకు కావలసిన నాగలి, కాడి, గుంటక, గొర్రు, బండిచక్రం అన్నీ అతని చేతుల మీదుగానే రావాలి. పంట ఇంటికి వచ్చినప్పుడు రైతు కళ్ళంలో ధాన్యం కొలిచి అతనికి మేరగా ఇచ్చేవాడు. నల్లరేగడి నేలలో గొర్రుతో విత్తనం వేసేటప్పుడు కర్రుల నడుమ ఎడం సమంగా లేకపోతే సాళ్ళు చెడిపోతాయి. పంట దెబ్బతింటే ఆ సంవత్సరం మేర కూడా తగ్గుతుంది. అందుచేత చేతిపనిలోని నిజాయితీయే వడ్రంగికి మూలధనం.

వడ్రంగికి వేసవి విశ్రాంతి కాలం కాదు. ఏరువాక సాగేలోగా ఊరి పనిముట్లన్నీ బాగుపడాలి. ఒక రైతు నాగలి ఆలస్యమైతే అతని తొలకరి పదును దాటిపోతుంది. పశువుల కాపరికి ఏ పూట ఏమి చేయాలో చెప్పడానికి యజమాని ఉంటాడు. సొంత వృత్తి చేసుకొనేవానికి చెప్పేవారు ఉండరు. తన కాలాన్ని తానే నియమించుకోవాలి. మాట ఇచ్చిన గడువుకు తానే కట్టుబడాలి. నష్టం వస్తే తానే భరించాలి. కూలికీ, స్వయం ఉపాధికీ గల భేదం ఇదే. కాపరిగా బాధ్యతను, కాలనియమాన్ని అలవరచుకొన్నవానికి ఈ భారం మోయడం కష్టం కాదు.

కందిమల్లాయపల్లె ప్రజలు తొలుత ఆయనను సామాన్యుడైన వడ్రంగిగానే చూశారు. గ్రామదేవత పోలేరమ్మ జాతరకు చందా అడగడానికి వచ్చిన పెద్దలకు, ఆ దేవతే ఆయన చుట్టకు నిప్పు తెచ్చి ఇచ్చిన ఘట్టంతో ఆయన ప్రభావం తెలిసివచ్చిందని కథ. కీర్తి వచ్చినప్పటికీ ఆయన శ్రమజీవులకు దూరం కాలేదు. ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల కులంలో పుట్టినవాడు. కక్కయ్య ఆనాటి సమాజం అంటరానివాడుగా చూసిన కులానికి చెందినవాడు. కులమతాల ఎల్లలు లేకుండా వారిని చేరదీయడం వల్ల ఆయన ఎన్నో నిందలను ఎదుర్కొన్నారు. పరుల దయపై బ్రతికేవాడు పరులకు నచ్చని మాట చెప్పడానికి వెనుకాడతాడు. తన అన్నం తాను సంపాదించుకొనేవాని మాటకు భయం ఉండదు. బ్రహ్మంగారి నిర్భయత్వానికి ఆయన చేతిలోని ఉలి కూడా ఒక కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇటువంటి ఉదాహరణలు లోకంలో మరికొన్ని ఉన్నాయి. కాశీలో కబీరు మగ్గం నేస్తూ తత్త్వం చెప్పాడు. రవిదాసు చెప్పులు కుట్టాడు. బ్రహ్మంగారు జీవించిన 17వ శతాబ్దిలోనే హాలెండు దేశపు తత్త్వవేత్త స్పినోజా కటకాలను సానపట్టి జీవించాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించనుండగా, తన ఆలోచనా స్వాతంత్ర్యానికి భంగం కలుగునేమోనని దానిని వదులుకొన్నాడు. దేశాలు వేరైనా ఈ మహనీయుల మార్గం ఒక్కటే.

వైశాఖ శుద్ధ దశమినాడు వీరబ్రహ్మంగారు జీవసమాధి పొందారని భక్తుల విశ్వాసం. ఏటా ఆ రోజున బ్రహ్మంగారి మఠంలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి. 1984లో నందమూరి తారక రామారావు స్వీయ దర్శకత్వంలో నటించిన చలనచిత్రం ఆయన చరిత్రను ఈ తరాలకు మరింత చేరువ చేసింది.

నేడు ఆళ్ళగడ్డ శిల్పశాలలలో ఉలి చప్పుడు వినవస్తూనే ఉన్నది. బండరాయిని దేవతామూర్తిగా మలచే ఆ శిల్పులు స్వయం ఉపాధికి సజీవ ఉదాహరణలు. ఒక విషయం మాత్రం మరువరాదు. బాలబ్రహ్మం కాలంలో బాలలు పనికి పోవడం సహజంగా ఉండేది. నేడు 14 సంవత్సరాలలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధిస్తున్నది. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. బాలల స్థానం బడిలోనే. ఇంటర్మీడియట్ చదివే యువతీయువకులు మాత్రం సెలవులలో ప్రమాదం లేని ఒక పనిని ఎంచుకొని నేర్చుకొనవచ్చు. నంద్యాలలోని దుకాణంలో లెక్క రాసినా, మామిడితోటలో కాయలు ఏరినా, తండ్రి పక్కన నిలిచి చిత్రిక పట్టినా, అది చిన్నతనం కాదు. చేతికి వచ్చిన కూలి ఖర్చయిపోతుంది. చేతికి అబ్బిన పని జీవితాంతం వెంట ఉంటుంది.

ప్రశ్నలు

1. పశువుల కాపరిగా వీరబ్రహ్మంగారు నేర్చిన పాఠాలను వివరించండి.
2. నాటి గ్రామవ్యవస్థలో వడ్రంగి స్థానం ఎటువంటిది?
3. కూలికీ, స్వయం ఉపాధికీ గల భేదాన్ని మీ ఊరిలోని ఒక వృత్తి ఆధారంగా చర్చించండి.