రెండు కళ్ళ రహస్యం వెతికిన ఇబ్నుల్ హైసమ్

ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. దారం సూది పక్క నుంచి జారిపోతూనే ఉంటుంది. రెండో కన్ను తెరిస్తే పని సులువవుతుంది. అల్లాహ్ మనకు రెండు కళ్ళు ప్రసాదించాడు. మరి వస్తువు రెండుగా కాక ఒక్కటిగానే ఎందుకు కనిపిస్తుంది? వెయ్యేళ్ళ క్రితం ఈ ప్రశ్నను ఒక పలక మీద పరీక్షించి చూసిన మహనీయుడు అబూ అలీ ఇబ్నుల్ హైసమ్.

ఆయన హిజ్రీ 354 (క్రీ.శ. 965) ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు నది నీటిని అదుపు చేయవచ్చని ఆయన అన్న మాట ఈజిప్టును ఏలుతున్న ఫాతిమీ ఖలీఫా హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా ఆయనను పిలిపించి, మనుషులనిచ్చి దక్షిణానికి పంపాడు. అస్వాన్ ప్రాంతంలో నదిని కళ్ళారా చూశాక అది తన వల్ల అయ్యే పని కాదని ఆయనకు అర్థమైంది. తిరిగివచ్చి ఆ సంగతి ఒప్పుకున్నారు. తర్వాత ఖలీఫా ఆగ్రహానికి భయపడి పిచ్చివానిలా నటించారనీ, 1021లో హాకిమ్ పాలన ముగిసేదాకా ఇంట్లోనే నిర్బంధంలో గడిపారనీ పూర్వ చరిత్రకారులు రాశారు. ఆ పైన అజ్‌హర్ మస్జిద్ సమీపంలో ఉంటూ, గణిత గ్రంథాలకు నకళ్ళు రాసి ఆ సొమ్ముతోనే జీవించారు.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన గ్రంథం ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పండితులు నమ్మారు. ఆయన దాన్ని కాదన్నారు. వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని వాదించారు.

మూడో భాగంలో పలక ప్రయోగం ఉంది. మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు గల పలక. ఒక చివర ముక్కు ఆనడానికి చిన్న గాడి. పలక మీద రంగు గీతలు, వాటి మీద చిన్న మైనపు కడ్డీలు. నడుమనున్న కడ్డీ మీద చూపు నిలిపితే అది ఒక్కటిగా కనిపిస్తుంది. అదే వరుసలో దానికి ముందూ వెనకా ఉన్నవి రెండేసిగా కనిపిస్తాయి. రెండు కళ్ళ చూపూ ఒకే చోట కలిసినప్పుడే వస్తువు ఒక్కటవుతుందని ఆయన తేల్చారు.

రెండు కళ్ళకు అందే దృశ్యాలలోని స్వల్ప తేడాయే లోతును చూపుతుందని 1838లో లండన్‌లో వీట్‌స్టన్ అద్దాలతో నిరూపించారు. అదే స్టీరియోస్కోపు. 1849లో బ్రూస్టర్ దానికి లెన్సులు అమర్చారు. రెండూ సమానంగా ఉండాలని ఒకే లెన్సును రెండు సగాలుగా కోయించారు.

ఇంట్లో అలాంటి పెట్టె చేసుకునేవారికీ ఇదే ముఖ్యం. దూరంగా ఉన్న కిటికీకి ఎదురుగా భూతద్దం పట్టుకుంటే గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడుతుంది. రెండు భూతద్దాలకూ ఒకే దూరంలో బొమ్మ స్పష్టంగా పడితే అవి జోడీ. ఫొటోల జతను ఇంచుమించు ఆ దూరంలోనే ఉంచాలి. జోడీ కుదరకపోతే ఒక కంటికి పెద్ద బొమ్మ, మరో కంటికి చిన్న బొమ్మ అంది, తలనొప్పే మిగులుతుంది.

ఇబ్నుల్ హైసమ్ 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. ఆయన గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. మన పిల్లలకు ఆయన పేరు చెప్పి గర్వపడితే సరిపోదు. ఒక పలక, నాలుగు మైనపు ముక్కలు చేతికిచ్చి, మీరే చూసి చెప్పండని అడగాలి.