నేర్చుకుందామని వెళ్లి.. నేర్పే కొలువులో చేరి!

కాసిపేటలోనో, మందమర్రిలోనో, గోదావరిఖనిలోనో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నారా? నాన్న ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చి అన్నం ముందు కూర్చోగానే అడిగేది ఒక్కటే.. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది బిడ్డా అని. పక్కింటివాళ్ల అబ్బాయికి బొగ్గుబాయిలో డిపెండెంట్ ఉద్యోగం వచ్చిందట, ఎదురింటమ్మాయి హైదరాబాద్‌లో కోచింగ్‌లో చేరిందట. ఇవి వింటూ మీరు గ్రూప్స్ పుస్తకం తెరుస్తారు. గోడకు వేలాడుతున్న వయొలిన్‌నో, మంచం కింద పెట్టిన కీబోర్డునో చూసి ఓ నిట్టూర్పు విడుస్తారు.

మీకు వాద్యం వచ్చు. ఆదివారం పొద్దున కాలనీ పిల్లలు నలుగురొస్తే సరిగమలు చెప్పి పంపిస్తారు. అయినా బయోడేటాలో ఆ సంగతి ఎక్కడ రాస్తారు? చిట్టచివర, హాబీలు అన్నచోట. అదొక పని అని, నేర్చుకుని చేయాల్సిన వృత్తి అని మీకే అనిపించదు. అలా అనుకునేవాళ్లు ద్వారం వెంకటస్వామి నాయుడి జీవితం ఒకసారి తెలుసుకోవాలి. ఎక్కడి విజయనగరం, ఎక్కడి కాసిపేట అనుకోకండి. ఆయన కథ కూడా ఉద్యోగం లేని ఓ పాతికేళ్ల కుర్రాడి కథే.

బోర్డు కనపడని కుర్రాడు

ద్వారం 1893 నవంబరు 8న, దీపావళి రోజున బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. కుటుంబం విశాఖపట్నం చేరడంతో ఆయన అక్కడే పెరిగారు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. పుస్తకంలో అక్షరాలు, బోర్డు మీద లెక్కలు సరిగా కనిపించకపోతే బడిలో ఏ పిల్లాడికైనా ఏమవుతుంది? చదువు సాగదు. ఆయనకూ అదే జరిగింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సర్టిఫికెట్ లేదు, పర్సంటేజీ లేదు.

అయితే ఇంట్లో వయొలిన్ ఉంది. దాన్ని వాయించే అన్న వెంకటకృష్ణయ్య ఉన్నారు. తమ్ముడికి తొలి గురువు ఆయనే. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వయొలిన్‌కు గిటార్‌లా మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే గీత ఒక్కటీ ఉండదు. అరంగుళం కాదు, వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్వరం చెడుతుంది. అది సరైందో కాదో చెప్పేది చెవి మాత్రమే. కళ్లు చేయలేని పనిని చెవితో చేయించుకునే వాద్యం ఆ కుర్రాడి చేతికి దొరికింది. ఏళ్ల తరబడి సాధన చేశారు.

మీకు ఏది రాదన్న లెక్క అందరూ చెబుతారు. ఏది వచ్చన్న లెక్క మాత్రం ఎవరికి వాళ్లే వేసుకోవాలి. ద్వారం ఆ లెక్క వేసుకుని 1919లో విజయనగరం బయల్దేరారు.

అప్లికేషన్ ఒకటి.. ఆర్డర్ ఇంకొకటి

ఆ ఏడాదే విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. రాజావారికి తెలిసిన ఒకాయన కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవాలన్న ఆలోచనే ఈ కళాశాలకు మూలమని చెబుతారు. అప్పటిదాకా సంగీతం కావాలంటే గురువుగారి ఇంట్లో చేరాలి. ఏళ్లకు ఏళ్లు సేవ చేయాలి. ఆయన దయ తలచినప్పుడే పాఠం. కళాశాల వచ్చాక తరగతి గది, టైంటేబుల్, జీతం తీసుకునే అధ్యాపకుడు వచ్చారు. మనం ఈ రోజు చూస్తున్న సంగీత పాఠశాలల పద్ధతి తెలుగునాట అలా వేళ్లూనుకుంది.

తొలి ప్రిన్సిపల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం అక్కడికి వెళ్లింది విద్యార్థిగా చేరదామనే అంటారు. దాసుగారు ఆయన చేత వాయించి విన్నారు. విని, విద్యార్థిగా చేర్చుకోకుండా వయొలిన్ అధ్యాపకుడిగా తీసుకున్నారు! అప్పటికి ద్వారం వయసు ఇరవై ఆరు. నేర్చుకోవడానికి వెళ్లినవాడు మర్నాటి నుంచి నేర్పే కుర్చీలో కూర్చున్నాడన్నమాట.

ఈ ముక్క వినగానే అదృష్టం అనేస్తాం. కానీ ఆలోచించండి. దాసుగారు కాగితం చూడలేదు, పని చూశారు. ద్వారం దగ్గర చూపించడానికి పని సిద్ధంగా ఉంది. ఇప్పుడు దాన్నే డెమో అంటున్నాం. ఏ స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేరాలన్నా మొదట అడిగేది అదే. ఓ పది నిమిషాలు వాయించండి, ఓ పది నిమిషాలు పిల్లలకు చెప్పండి అంటారు. అప్పటికప్పుడు తడుముకుంటే కుదరదు.

పదిహేడేళ్లు ఆ గదిలోనే

కథ ఇక్కడితో అయిపోతే సినిమాలా ఉండేది. అసలు విషయం ఆ తర్వాతే ఉంది. 1919 నుంచి 1936 వరకు, అంటే పదిహేడేళ్లు ద్వారం అధ్యాపకుడిగానే ఉన్నారు.

కొత్తగా వచ్చిన పిల్లలకు వాద్యం నేర్పడం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే చెబుతా వినండి. మన పద్ధతిలో వయొలిన్ నేల మీద కూర్చునే వాయిస్తారు. ఒక కొస భుజం దగ్గర, రెండో కొస కుడి పాదం మీద ఆనాలి. కొత్త పిల్లాడికి ఆ కూర్చోవడమే పది రోజులకు గానీ పట్టుబడదు. ఆ తర్వాత కమాను పట్టుకోవడం. గట్టిగా పడితే మణికట్టు బిగుసుకుపోతుంది, వదులుగా పడితే జారిపోతుంది. వేళ్లు పెట్టకుండా వట్టి తీగల మీద కమానును ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా లాగించాలి. వారాల పాటు గదిలో వినిపించేది కీచు శబ్దమే. పిల్లాడు ఏడుపు మొహం పెడతాడు. వాళ్లమ్మ వచ్చి, ఎప్పుడు సినిమా పాట వాయిస్తాడు సార్ అని అడుగుతుంది.

తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు. అవే స్వరాలు మూడు కాలాల్లో వాయించాలి. ఆపైన జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు. ఈ వరస పురందరదాసు వేశారని చెప్పుకుంటాం. వందల ఏళ్లుగా అందరూ ఎక్కుతున్న మెట్లే ఇవి. నేర్చుకునేవాడు ఒక్కసారి ఎక్కి పైకి పోతాడు. నేర్పేవాడు మాత్రం ప్రతి జూన్‌లో కిందికి దిగి కొత్తవాళ్లతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

చాలామంది ఇక్కడే విసిగిపోతారు. నాలాంటి కళాకారుడు సరిగమలు చెప్పుకుంటూ కూర్చోవాలా అనుకుంటారు. నిజానికి మొదటి మెట్టు పదే పదే ఎక్కించేవాడికి తెలిసే సంగతులు వేదిక మీద ఉన్నవాడికి తెలియవు. శబ్దం ఎందుకు కీచుమంటుంది? కమాను ఎంత బరువు మోపితే నాదం పలుకుతుంది, ఎక్కడ తేలిక చేస్తే మెత్తబడుతుంది? ఒకరికి విడమరిచి చెప్పాలంటే ముందు మన చేతికి ఆ సంగతి తెలియాలి. తర్వాతి కాలంలో ద్వారం పేరు చెప్పగానే సంగీతం తెలిసినవాళ్లు తలచుకున్నది దేన్నో తెలుసా? ఆయన కమాను పట్టునే. పొడవైన, గరుకు లేని కమాను. గొంతుతో పాడినట్టు పలికే వయొలిన్. పాశ్చాత్య వాదకుల పద్ధతులనూ గమనించి మన సంగీతానికి పనికొచ్చింది తీసుకున్నారు. అంటే ఆయన గొప్పతనం ఉన్నది వయొలిన్ తరగతిలో మొట్టమొదటి వారం చెప్పే పాఠంలోనే!

నలభై దాటాక పెద్ద పేరు

1936లో నారాయణదాసు తర్వాత ద్వారం ప్రిన్సిపల్ అయ్యారు. ఆ రోజుల్లో వయొలిన్ అంటే పక్కవాద్యం. పాడేవారి పక్కన కూర్చుని వాళ్లు వెళ్లిన దారిలో వెళ్లడమే దాని పని. కచేరీ మొత్తం వయొలిన్ ఒక్కటే నడిపించగలదని నిరూపించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆయన తొలి సోలో కచేరీ 1938లో వేలూరులో జరిగింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగు దాటాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ కళాకారుడు యెహుదీ మెనూహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు ద్వారం వాద్యం విన్నారు. 1964 నవంబరు 25న ద్వారం కన్నుమూశారు. శతజయంతి సంవత్సరం 1993లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు తెచ్చింది.

ఇరవై ఆరులో ఉద్యోగం, నలభై నాలుగులో సోలో. మధ్యలో ఉన్న పద్దెనిమిదేళ్లను వృథా అనగలమా? ఇరవై మూడేళ్లకే సెటిల్ కాలేదని దిగులుపడేవాళ్లు ఈ అంకెలను ఓసారి కాగితం మీద రాసుకుని చూడండి.

ఒక్క తరగతి గది ఎంత దూరం వెళ్తుందో కూడా చూడండి. పూట గడవడానికి మధుకరం ఎత్తుకుంటూ ఘంటసాల వెంకటేశ్వరరావు చదువుకున్నది ఈ కళాశాలలోనే. అక్కడి అధ్యాపకుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ను చేరదీశారు. గాయని పి.సుశీల సంగీతం చదివిందీ అక్కడే. 1940లో చేరిన నేదునూరి కృష్ణమూర్తికి పాఠం చెప్పింది ద్వారం కుటుంబానికే చెందిన నరసింగరావు. ఆ నేదునూరి మహా విద్వాంసుడై, సంగీత కళాశాలలకు ప్రిన్సిపల్‌గానూ పనిచేశారు. ద్వారం కొడుకు భావనారాయణరావు, కూతురు మంగతాయారు వయొలిన్ చేతబట్టారు. పేరొచ్చిన ప్రతి గొంతు వెనకా సరళీ వరుసలు దిద్దించిన ఒక టీచర్ ఉంటారు.

మీరు ఏం చేయొచ్చు?

కాలం మారింది నిజమే. ఇప్పుడు రాజావారు కళాశాల పెట్టి పిలిచి ఉద్యోగం ఇవ్వరు. వట్టి వాద్యం వస్తే చాలదు, కాగితమూ కావాలి. కాబట్టి రెండూ సమకూర్చుకోండి.

మొదటిది అర్హత. వరంగల్‌లో విద్యారణ్య, హైదరాబాద్ రామ్‌కోఠిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలున్నాయి. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం లాంటి వాటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చేయొచ్చు. కీబోర్డు, గిటార్ అయితే లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. ఇనీషియల్‌తో మొదలై ఎనిమిదో గ్రేడ్ దాకా వెళ్తాయి.

రెండోది కొలువు. తెలంగాణ గురుకుల బోర్డు 2023లో ఇచ్చిన నోటిఫికేషన్లలో మ్యూజిక్ టీచర్ పోస్టులు కూడా ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచర్ మ్యూజిక్ అని విడిగా పోస్టు ఉంటుంది. దానికి ఇంటర్‌తో పాటు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎలా కాచుకుని కూర్చుంటారో వీటి కోసం కూడా అలాగే చూడండి. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడ్ తెచ్చుకుంటే మీ వాద్యానికి అదొక గుర్తింపు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నేర్పడం నేర్చుకోండి. ఆదివారం వచ్చే ఆ నలుగురు పిల్లలను సీరియస్‌గా తీసుకోండి. ఒక నోటుపుస్తకం పెట్టి ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాయండి. ఒకడికి వేళ్లు కదలవు, ఇంకొకడికి తాళం నిలవదు, మరొకరికి సిగ్గు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయదు. టైం తప్పకండి. ఫీజు కొద్దిగానైనా తీసుకోండి, దానివల్ల మీకూ వాళ్లకూ అదొక పని అన్న గౌరవం ఏర్పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ నలుగురూ ఓ గీతం కలిసి వాయించగలిగితే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకు మించిన అనుభవం ఇంకేం కావాలి?

ఇందులో రాబడి నెమ్మదిగా వస్తుంది. మొదట్లో ఇల్లు గడవదు. కాబట్టి పోటీ పరీక్షల ప్రిపరేషన్ మానేయమని ఎవరూ చెప్పరు, మీరూ మానకండి. పొద్దున పుస్తకం, సాయంత్రం వాద్యం అని రోజును పంచుకోండి. కానీ బయోడేటాలో హాబీలు అన్న గీత కింద ఉన్న ఆ మాటను తీసి, అనుభవం అన్న గీత కింద రాయండి. ఎన్నేళ్లుగా నేర్పుతున్నారో, ఎంతమందికి నేర్పారో పక్కనే అంకె వేయండి.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ నలుగురు పిల్లలు వాకిట్లో చాప మీద కూర్చుని సరళీ వరుసలు పలికిస్తూ ఉండాలి. కీచు శబ్దం వచ్చినా ఫర్వాలేదు. విజయనగరంలో ద్వారం విద్యార్థులు కూడా అక్కడే మొదలుపెట్టారు.