గోపాలస్వామి దొరస్వామి నాయుడు

తెలుగు కుటుంబములు పెక్కు శతాబ్దములకు పూర్వమే తమిళదేశమునకు వలసపోయి, అచట సేద్యము చేసికొనుచు స్థిరపడినవి. ఇంట తెలుగు, వీథిని తమిళము వారికి వాడుక. అట్టి యొక కుటుంబమున 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామము వారి జన్మస్థానము. లోకమునకు వారు జి.డి. నాయుడుగా పరిచితులు.

బాల్యమున వారికి బడి రుచింపలేదు. ప్రాథమిక విద్యతోనే చదువు నిలిచిపోయెను. ఒకనాడు ఆంగ్లేయుడైన రెవిన్యూ అధికారి యొకడు రడ్జి అను మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు. అయినను బండి పరుగెత్తుచున్నది! చూచి ఆశ్చర్యపడుటతో నాయుడుగారు తృప్తి చెందలేదు. దాని కడుపులో నేమున్నదో తెలిసికొనవలెనను కోరిక వారిని వదలలేదు.

కోరిక తీరుటకు ధనము కావలెను. వారు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరిరి. కాసునకు కాసు కూడబెట్టి, తుదకు మోటారు సైకిలును కొనిరి. దానిని భాగములుగా విప్పుటయు, మరల కూర్చుటయు వారికి వేడుకయయ్యెను.

పెట్రోలు యంత్రము పనిచేయు తీరు గమనింపుడు. కార్బ్యురేటరు పెట్రోలును గాలితో కలుపును. ఆ మిశ్రమమును పిస్టను సిలిండరులో అదుమును. తగిన క్షణమున ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. మండిన వాయువు వ్యాకోచించి పిస్టనును త్రోయును. ఆ త్రోపే చక్రములను త్రిప్పును. గాలి కొంచెము తగ్గినచో నల్లని పొగ వెడలును. రవ్వ రెప్పపాటు ముందైనను, వెనుకైనను యంత్రము బలము కోల్పోవును. ఈ పొందికను చెవితో విని చేతితో సవరించుటయే మెకానిక్కు విద్య. నాయుడుగారు తమ బండినే గురువుగా జేసికొని ఆ విద్య నభ్యసించిరి.

వేడుకగా నేర్చినది క్రమముగా వృత్తియయ్యెను. నడుమ వారు ప్రత్తి వ్యాపారమునకు దిగి, బొంబాయి చేరి, గడించిన ధనమును పోగొట్టుకొనిరి. ధనము పోయినను చేతిలోని విద్య పోలేదు. కోయంబత్తూరులో మోటారు వ్యాపారము చేయుచుండిన రాబర్టు స్టేన్సు దొర వారి నేర్పును గుర్తించి తోడ్పడెను. ఆ సహాయముతో 1920లో నాయుడుగారు ఒక బస్సును కొని, పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ నడిపిరి. దారిలో ఆగిపోవు బస్సును ప్రయాణికులు నమ్మరు. యంత్రము నెఱిగినవాడే యజమాని యగుటచే ఆ నమ్మకము నిలిచెను. ఒక్క బస్సుతో మొదలైన యూనివర్సల్ మోటారు సర్వీసు కాలక్రమమున పెద్ద సంస్థగా పెరిగెను.

నాయుడుగారు అంతటితో నాగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, భారతదేశమున స్వదేశీయముగా తొలి విద్యుత్ మోటారును తయారుచేయించిరి. పనిచేయు చేతులకు శాస్త్రము తోడు కావలెనని తలచి, 1945లో కోయంబత్తూరున ఇంజనీరింగు విద్యాసంస్థల స్థాపనకు కారకులైరి. నాలుగేండ్ల చదువు అనవసరమనియు, రెండేండ్లు చాలుననియు వారి అభిప్రాయము. ప్రభుత్వము అందులకు సమ్మతింపకపోగా, వారు ప్రిన్సిపాలు పదవిని వదలుకొనిరి.

1952లో వారు ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును నిర్మించిరి. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. సామాన్యునకు సైతము కారు అందవలెనని వారి ఆశయము. కాని ప్రభుత్వము లైసెన్సు నీయలేదు. కారు తయారీ నిలిచిపోయెను. చేతి నేర్పు ఎంత గొప్పదైనను, అనుమతి లేనిదే అది ప్రజలకు చేరజాలదని ఈ సంఘటన తెలుపుచున్నది. అట్లని నాయుడుగారు పరిశోధన మానలేదు. వ్యవసాయమునందును ప్రయోగములు చేసి, ప్రత్తి, బొప్పాయి మొక్కలను పెంచిరి. 1974 జనవరి 4వ తేదీన వారు పరమపదించిరి.

మన నెల్లూరు తీరమున మరపడవ యంత్రము మొరాయించినపుడు, నూనె మరకల చేతులతో దానిని విప్పి బాగుచేయు యువకులు నేడును గలరు. అది చిన్న పనియని తలపరాదు. హోటలులో వడ్డించి కొన్న ఒక బండిని విప్పి చూచుటతోనే నాయుడుగారి విద్య మొదలయ్యెను.