తాళపత్రములను కాపాడిన బ్రౌను దొరగారు

విద్య యెవరి యొద్ద నున్నను గ్రహింపదగినదే యనియు, గ్రహించునపుడు గుణదోషములను వేరుచేసి చూడవలెననియు మన పెద్దలు చెప్పుదురు. పాశ్చాత్యులు ఈ దేశమునకు వర్తకులై వచ్చి పాలకులైరి. పాలించుటకై మన భాషలను, ఆచారములను, ఆలయములను పరిశీలించి గ్రంథములు వ్రాసిరి. ఆ గ్రంథములు మొదట వారి దేశీయులకును, పిదప ఇంగ్లీషు చదువు చదివిన మనవారికిని ప్రమాణములయ్యెను. తాతలనాటి విద్యను పరదేశీయుని కంటితో చూచుట నేటికిని మనలో పోలేదు. ఆ చూపులోని మేలెంత, లోపమెంత యని తెలిసికొనుటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి చరిత్ర మిక్కిలి ఉపకరించును.

బ్రౌనుగారు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు; కుమారునకు బాల్యముననే పలు భాషలు నేర్పెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. అచట హెయిలీబరీ కళాశాలలో కుంఫిణీ కొలువునకు తగిన శిక్షణ పొంది, 1817 ఆగస్టులో బ్రౌనుగారు మద్రాసు రేవున దిగిరి. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు నేర్పిన తొలి గురువులు. 1820లో పరీక్ష నెగ్గి, కడప కలెక్టరునకు సహాయకులుగా నియమితులైరి.

తెలుగువారిలో వేమన యను కవి గలడని ఆయనకు తెలిపినది తెలుగు పండితులు కారు. డుబాయ్ అను ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథము. 1824లో దానిని చదువుచు బ్రౌనుగారు వేమన పేరు గుర్తించిరి. ఒక పరదేశీయుని పుస్తకము చూచి మరియొక పరదేశీయుడు మన కవిని వెదకబోవుట వింతయే. కాని పుస్తకములోని మాటతో ఆయన తృప్తి చెందలేదు. వేమన పద్యముల వ్రాతప్రతులను తెప్పించి, పోల్చి, 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ముద్రింపించిరి. 1839 నాటి రెండవ కూర్పులో అవి 1164 అయ్యెను.

ఈ పని గురువులు లేక సాధ్యము కాదని ఆయన యెరుగుదురు. మచిలీపట్నమున నున్నపుడు తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి గారల యొద్ద ఛందోవ్యాకరణములు పఠించిరి. కడపలో బంగళా కొని, అందు పండితులను, లేఖకులను నియమించిరి. ఒక్కొక్క కావ్యమునకు లభించినన్ని ప్రతులు సేకరించుట, పాఠభేదములను సరిచూపించుట, శుద్ధప్రతి వ్రాయించుట, వ్యాఖ్యానము చేర్పించుట ఆయన పద్ధతి. జూలూరి అప్పయ్యశాస్త్రిగారు ఆ పండితులలో ముఖ్యులు. వారి జీతములకు బ్రౌనుగారు తన ధనమునే వెచ్చించిరి. అది చాలనపుడు అప్పులు చేసిరి. పగలు కచ్చేరీలో అధికారియైనవాడు గ్రంథము ముందు శిష్యుడై కూర్చుండెను.

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను డొక్కల కరువు పట్టెను. లక్షమందికి పైగా ప్రజలు నశించిరి. అప్పుడు గుంటూరున అధికారము వహించిన బ్రౌనుగారు పైవారికి వ్రాసిన లేఖలలో కరువు అను మాటనే వాడిరి. పైవారికి అది రుచింపలేదు; మెత్తని మాట వాడిన మేలని వారి యభిప్రాయము. కన్నుల యెదుట జనులు ప్రాణములు విడుచుచుండగా ఆయన మాట మార్చుటకు ఇష్టపడలేదు. కాగితముపై మాట మెత్తబడినచో దూరమున నున్న పాలకునకు ప్రజల ఆకలి కనబడదు గదా! 1834లో బ్రౌనుగారు ఉద్యోగము పోగొట్టుకొని లండను చేరిరి.

1835 ఫిబ్రవరిలో కలకత్తాయందు మెకాలే తన ప్రసిద్ధమైన నివేదికను సమర్పించెను. సంస్కృత, అరబ్బీ విద్యలకై ప్రభుత్వధనము వెచ్చించుట వ్యర్థమనియు, ఇంగ్లీషు మూలమున పాశ్చాత్యవిద్య నేర్పవలెననియు అందలి సారము. ఆ రెండు భాషలలో నొకటియు ఆయనకు రాదు. అయినను గవర్నరు జనరలు బెంటింకు ఆ మార్గముననే ఉత్తరువు చేసెను. ఎందరో పండితుల వృత్తులకును, పాఠశాలలకును ఆ దృష్టి గొడ్డలిపెట్టయ్యెను. ఆ సంవత్సరములలోనే లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున పాతకాలపు కట్టల నడుమ దక్షిణదేశ భాషల గ్రంథములు రెండువేలకు పైగా పడియుండుట బ్రౌనుగారు చూచిరి. వానిని విప్పి పరిశీలించి, మద్రాసునకు పంపుటకు ఏర్పాటు చేయించిరి. ఒకే జాతివారు, ఒకే కొలువువారు. ఒకరు చదువకయే తీర్పు చెప్పిరి, వేరొకరు తీర్పునకు ముందు కట్ట విప్పిరి.

బ్రౌనుగారు మరల మద్రాసు వచ్చి కొలువులో చేరిరి. 1840లో తెలుగు వ్యాకరణమును, 1844లో వ్యాఖ్యాసహితమైన వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును ప్రకటించిరి. చిరకాల పరిశ్రమ ఫలమైన నిఘంటువులు 1852 మొదలుకొని వెలువడెను. తాము సేకరించిన రెండువేలకు పైబడిన సంపుటములను 1845లో మద్రాసు సాహిత్య సంఘమునకు దానము చేసిరి. పిమ్మట అవి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరెను. 1855లో అనారోగ్యముతో ఈ దేశము విడిచి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూసిరి. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రము నడచుచున్నది.

ఇంతటి మహోపకారి చూపునకును హద్దులున్నవి. తాము వచ్చునప్పటికి తెలుగు వాఙ్మయము ఆరిపోవు స్థితిలో నున్నదని ఆయన తలంచిరి. గ్రంథములు శిథిలమగుట నిజమే. కాని ఆయన మద్రాసున దిగిన 1817లోనే తిరుమలపై తరిగొండ వెంగమాంబ పరమపదించెను. శ్రీవేంకటాచల మాహాత్మ్యము మొదలగు కృతులు రచించిన ఆ తల్లి పేరిట ముత్యాలహారతి నేటికిని ఏకాంతసేవలో స్వామికి జరుగుచున్నది. కొండపై తెలుగు ఆరలేదు. కచ్చేరీ వాకిట నిలిచినవారికి ఆ వెలుగు కనబడలేదు.

ఇట్టిదే మరియొక సంగతి. కుంఫిణీ ఉద్యోగియైన కాంబెల్ దొర 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించెను. తిరుపతిలోని రాగిరేకులలో ప్రాచీన వ్యాకరణ మున్నదని ఆయన వినియుండెను. పరీక్షింపజేయగా అవి దేవుని స్తుతించు కీర్తనలు మాత్రమే యని తేలెను. వ్యాకరణము వెదకినవానికి కీర్తనలు నిరాశయే కలిగించెను. ఆ రేకులు తాళ్లపాక అన్నమాచార్యుల వంశమువారు స్వామి సన్నిధిని భద్రపరచిన సంకీర్తన భాండారము! 1922 తరువాత సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలగు పండితుల కృషివలన గాని లోకమునకు వాని విలువ తెలియలేదు. బ్రౌనుగారు తొలి ఉద్యోగము చేసిన కడప సీమలోనిదే తాళ్లపాక; అయినను ఆయన ముద్రింపించిన గ్రంథములలో ఆ సంకీర్తనలు చేరలేదు.

ఈ లోపమునకు దొరలను మాత్రమే నిందించుట తగదు. వారు వెదకినది వారికి దొరికెను. ఆ రేకులు మన స్వామి గుడిలోనే, మన యర్చకుల నడుమనే ఉండెను గదా! మనకు గల నిధిని మనము చదువనందుననే పరుల మాట మనకు ప్రమాణమయ్యెను. బ్రౌనుగారిని దేవునిగా కొలువనక్కరలేదు, పరాయివాడని త్రోసివేయనక్కరలేదు. ఆయన ప్రక్కన కూర్చుండి పాఠములు సరిచూచిన అప్పయ్యశాస్త్రి ప్రభృతులను గూడ ఆయనతోపాటు స్మరించుట న్యాయము. అటుకపైనను, పూజామందిరమునందును తాతముత్తాతల తాళపత్రములు ఎన్ని ఇండ్లలో పురుగులకు ఆహారమగుచున్నవో! ఏటేట సరస్వతీపూజనాడు పసుపు కుంకుమలు మాత్రము చల్లి ఆ కట్టను మరల పైన పెట్టక, విప్పి, చదువ నేర్చినవారికి చూపుట గృహస్థుల ధర్మము.