దారి గీసి చూపిన గణితవేత్త – జాన్ వాన్ నాయ్‌మన్

కంప్యూటరు విద్య ప్రారంభించే విద్యార్థికి తొలిపాఠాలలోనే ఎదురయ్యేది ఫ్లోచార్టు. కొన్ని గడులు, వాటిని కలిపే బాణాలు, అవును–కాదు అని చీలే దారులు. మన ఉర్దూ మిత్రుల మాటలో చెప్పాలంటే ఒక నక్షా. కర్మాగారాలలో పనుల వరుసను ఇట్లు చిత్రించే పద్ధతిని అమెరికాలో గిల్బ్రెత్ దంపతులు 1921లోనే ప్రతిపాదించారు. అటువంటి చిత్రాన్ని కంప్యూటరు గణనకు సాధనంగా మలచిన ఘనత హెర్మన్ గోల్డ్‌స్టైన్‌, జాన్ వాన్ నాయ్‌మన్‌లకు దక్కుతుంది.

నాయ్‌మన్ 1903 డిసెంబరు 28న బుడాపెస్టులో సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. గణితం కూడు పెట్టదని తండ్రి శంకించినందున జ్యూరిచ్‌లో రసాయన ఇంజనీరింగు చదివారు. ఆ చదువు సాగుతుండగానే గణితంలో డాక్టరేటుకు కృషిచేసి 1926లో సాధించారు. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరారు.

1944 వేసవిలో ఆబర్డీన్ రైలుస్టేషనులో సైనికాధికారియైన గోల్డ్‌స్టైన్ తారసపడి, ఎనియాక్ అనే గణనయంత్రం నిర్మాణంలో ఉన్నదని తెలిపారు. నాటినుండి నాయ్‌మన్ దృష్టి యంత్రాలపైకి మళ్లింది. 1947లో వారిరువురు వెలువరించిన నివేదిక, యంత్రానికి ఆదేశాలు వ్రాయకముందే గణన నడిచే తీరును చిత్రంలో చూడాలని నేర్పింది. లెక్కకు ఒక గడి, నిర్ణయానికి వేరొక గడి, మరల మరల చేయవలసిన పనికి వెనుకకు తిరిగే బాణం.

ఆ పద్ధతికి గట్టి పరీక్ష ఆయన ఇంటనే జరిగిందనవచ్చు. ఆయన సతీమణి క్లారా కళాశాలలో గణితం అభ్యసించినవారు కారు; బాల్యంలో మంచుపై స్కేటింగులో పేరు గడించినవారు. అట్టి ఆమె ఫ్లోచార్టు ఆధారంగా ఆదేశాలు వ్రాయగా, 1948లో ఎనియాక్‌పై మాంటే కార్లో గణన నడిచింది. అయితే ఆ గణన అణ్వాయుధంలో న్యూట్రాన్ల గమనానికి సంబంధించినది. నాయ్‌మన్ బాంబు నిర్మాణంలో మనఃపూర్వకంగా పాల్గొన్నారు. దీనిని మరుగుపరచి ఆయన చరిత్ర వ్రాయుట న్యాయం కాదు.

కాన్సరు వ్యాధితో ఆయన 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టన్‌లో, 53 ఏళ్ల వయసున కన్నుమూశారు. ఆయన గీసిన చిత్రాలు కాగితంపైనే నిలిచాయి. వాటిని యంత్రభాషలోకి మార్చే శ్రమ మనిషిదే. దశాబ్దాల అనంతరం అమెరికా వైమానిక దళ అకాడమీలో రూపొందిన రాప్టర్ వంటి బోధనసాధనాలలో విద్యార్థి గడులను తెరపై అమర్చితే చాలును. అమలవుతున్న గడి రంగు మారుతుంది, ప్రక్కనే చలరాశుల విలువలు కనిపిస్తాయి, తప్పుదారి పట్టిన బాణం ఎక్కడున్నదో కంటికే తెలుస్తుంది.